పరీక్షా పరుగుల పట్టికను చూసి జట్టు భవిష్యత్తును అంచనా వేయవచ్చా?

బీచ్‌రోడ్డు అభిమాని (చర్చ ప్రారంభించినవారు, 2026 జనవరి)

మిత్రులందరికీ నమస్కారం. జనవరి 26 నుండి 30 వరకు బార్సిలోనాలోనూ, ఫిబ్రవరి 11 నుండి 13 వరకు, మళ్ళీ 18 నుండి 20 వరకు బహ్రెయిన్‌లోనూ 2026 ఫార్ములా వన్ కార్ల పరీక్షా పరుగులు జరగబోతున్నాయి. మార్చి 8న మెల్‌బోర్న్‌లో తొలి పోటీ. నేను డ్రైవరు అలోన్సో అభిమానిని కాబట్టి నా దృష్టి అంతా అతని జట్టు ఆస్టన్ మార్టిన్ మీదే ఉంది. ప్రసిద్ధ కార్ల రూపకర్త ఏడ్రియన్ న్యూయీ ఆ జట్టుకు వచ్చిన తరువాత రూపొందుతున్న మొదటి కారు ఇది. ఇంజను హోండాది, గేర్‌బాక్సు మెర్సిడెస్ దగ్గర తీసుకున్నది కాక సొంతంగా చేసుకున్నది, విండ్ టన్నెల్ (నమూనా కారు మీదకు గాలి వీచి పరీక్షించే సొరంగం) కూడా సిల్వర్‌స్టోన్‌లో కొత్తగా కట్టుకున్నది. ఇన్ని కొత్తవి ఒకేసారి కలిసినప్పుడు ఆ కారు మంచిదో కాదో పరీక్షల్లోనే తెలుసుకోవడం సాధ్యమా అన్నది నా ప్రశ్న.

విశాఖలో కలిసి పోటీలు చూసే మా బృందంలో ఏటా ఫిబ్రవరిలో ఇదే వాదన జరుగుతుంది. ఒక్కో చుట్టుకు (ల్యాప్‌కు) పట్టిన సమయాల పట్టికలో పైనున్న జట్టే బలమైనదని కొందరు, పట్టికకు ఏ విలువా లేదని మరికొందరు అంటారు. ఈ రెండింటికీ మధ్య ఆధారాలతో నిలబడే మాట ఏదైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

మధురవాడ ల్యాప్‌లెక్క

ముందు పట్టిక మనకు ఏమి చెప్పదో చూద్దాం. బహ్రెయిన్‌లో ఒక ల్యాప్ 5.412 కిలోమీటర్లు, పోటీ 57 ల్యాప్‌లు. 2025 వరకు ఉన్న నిబంధనల ప్రకారం పోటీకి గరిష్ఠంగా 110 కిలోల ఇంధనం కాబట్టి, ల్యాప్‌కు సుమారు 1.9 కిలోలు ఖర్చయ్యేది. అలాంటి సర్క్యూట్‌లో ప్రతి 10 కిలోల బరువూ ల్యాప్ సమయాన్ని సుమారు 0.3 సెకను పెంచుతుంది. అంటే నిండు ట్యాంకుకూ దాదాపు ఖాళీ ట్యాంకుకూ మధ్య మూడు సెకన్లకు పైగా తేడా వస్తుంది. పోటీలో ఎవరు ముందు నిలవాలో తేల్చే అర్హత పరుగులో మొదటి పదిమంది మధ్య ఉండే తేడా చాలాసార్లు ఒక సెకను చుట్టుపక్కలే ఉంటుందన్నది గుర్తుంచుకుంటే, ఇంధనం ఎంత ఉందో తెలియని ఒక్క ల్యాప్ సమయాన్ని పట్టుకుని జట్లకు వరుస సంఖ్యలు ఇవ్వడం ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. దీనికి టైరు రకం, ఇంజనును ఎంత శక్తితో నడిపారన్నది, మధ్యాహ్నపు ఎండలో నడిపారా రాత్రి దీపాల కింద నడిపారా అన్నది కలుస్తాయి.

అయితే వరుసగా పదిహేను, ఇరవై ల్యాప్‌లు నడిపే సుదీర్ఘ పరుగుల సంగతి వేరు. ఇంధనం తగ్గడం వల్ల కారు ల్యాప్‌కు దాదాపు 0.06 సెకను వేగం పుంజుకోవాలి. సమయాలు మారకుండా ఉన్నాయంటే టైర్లు అంత మేరకు అరుగుతున్నాయని, ల్యాప్‌కు 0.1 సెకను చొప్పున పెరుగుతున్నాయంటే టైర్ల అరుగుదల దాదాపు 0.16 సెకను ఉందని లెక్క. ఈ వాలు (ల్యాప్ ల్యాప్‌కూ సమయం మారే తీరు) మొదట ఎంత ఇంధనం పోశారన్న దాని మీద పెద్దగా ఆధారపడదు.

ఇంకొక మంచి ఆధారం ఉంది. జట్టు పూర్తి పోటీని అనుకరిస్తూ, పిట్‌లో టైర్లు మాత్రమే మార్చి కారును మళ్ళీ పంపిస్తే, మధ్యలో ఇంధనం పోసే అవకాశం ఉండదు. కనుక 57 ల్యాప్‌లు అలా నడిచిన కారు మొదట బయలుదేరినప్పుడు దాదాపు నిండు ట్యాంకుతో ఉన్నట్టే. దాచిన ఇంధనం ఎంతో మనకు తెలిసేది ఆ సందర్భంలోనే. ఇద్దరు ప్రత్యర్థులు ఒకే సాయంత్రం అలాంటి అనుకరణ చేస్తే నేను మిగిలినవన్నీ వదిలి దానినే చూస్తాను.

ఎర్రకారు

సుదీర్ఘ పరుగులను కూడా పూర్తిగా నమ్మవద్దని ఒక ఫెరారీ అభిమానిగా చెప్పవలసి వస్తోంది. 2019 బార్సిలోనా పరీక్షలను తలచుకోండి. ఫెరారీ నడిపిన వెటెల్ 1:16.221, మెర్సిడెస్ నడిపిన హామిల్టన్ 1:16.224. తేడా సెకనులో వెయ్యింట మూడు వంతులు. పట్టిక ఒక్కటే కాదు, ట్రాక్ పక్కన నిలబడి మలుపుల్లో కార్లను చూసినవారు, సుదీర్ఘ పరుగులను లెక్కగట్టినవారు కూడా ఫెరారీయే ముందుందని రాశారు. మెల్‌బోర్న్ అర్హత పరుగులో హామిల్టన్ కన్నా వెటెల్ 0.7 సెకను వెనుకబడ్డాడు. పోటీలో మెర్సిడెస్ డ్రైవరు బొటాస్ గెలిచాడు, ఫెరారీలు నాలుగు, అయిదు స్థానాల్లో వచ్చాయి. ఆ సంవత్సరం మొదటి అయిదు పోటీల్లోనూ మొదటి రెండు స్థానాలు మెర్సిడెస్‌వే. ఫెరారీకి తొలి విజయం సెప్టెంబరు 1న బెల్జియంలో గానీ రాలేదు.

అక్కడ జరిగిందేమిటంటే, మెర్సిడెస్ రెండవ వారానికి కారు శరీరాన్ని చాలావరకు మార్చుకుని వచ్చింది. మనం రెండు వారాల సమాచారాన్ని ఒకే కుప్పగా పోసి చూశాం. మొదటి వారంలో నడిచిన మెర్సిడెస్, రెండవ వారంలో నడిచిన మెర్సిడెస్ దాదాపు రెండు వేర్వేరు కార్లు. కొత్తదానిని అర్థం చేసుకోవడానికి వారికి ఉన్నది కొద్ది రోజులే. ఈ సంవత్సరం పరీక్షలు మూడు విడతలుగా ఉన్నాయి కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

సీతమ్మధార వాసి

అందరూ పట్టికను ఇలా తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. 2009 మార్చిలో బ్రాన్ జీపీ ఏం చేసిందో చూడండి. హోండా 2008 డిసెంబరులో తప్పుకున్న తరువాత రాస్ బ్రాన్ ఆ జట్టును నిలబెట్టి, మెర్సిడెస్ ఇంజను అమర్చి, మిగిలిన జట్లన్నీ శీతాకాలమంతా పరుగులు తీసిన తరువాత ఆలస్యంగా బార్సిలోనాకు వచ్చారు. వచ్చీరాగానే పట్టికలో పైకి వెళ్ళారు. స్పాన్సర్ల కోసం తక్కువ ఇంధనంతో నడుపుతున్నారని చాలామంది కొట్టిపారేశారు. మెల్‌బోర్న్‌లో ఆ జట్టు డ్రైవర్లు బటన్, బారికెల్లో మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. బటన్ మొదటి ఏడు పోటీల్లో ఆరు గెలిచాడు. ఆ సంవత్సరం డ్రైవరు టైటిల్, జట్టు టైటిల్ రెండూ వారివే.

నా వాదన ఇది. కారును కావాలని నెమ్మదిగా నడపవచ్చు కానీ, దానిలో లేని వేగాన్ని ఎవరూ తెచ్చి పెట్టలేరు. అందువల్ల ఒక జట్టు చేసిన మంచి సమయం అబద్ధం కాదు. చెడ్డ సమయానికే వంద కారణాలు ఉండవచ్చు.

ఎర్రకారు

సీతమ్మధార వారికి గౌరవంతోనే సమాధానం చెబుతున్నాను. 2001 శీతాకాలంలో ఆలేసీ నడిపిన ప్రోస్ట్ కారు కూడా పరీక్షల్లో పట్టిక పైభాగంలో కనిపించింది. ఆ సంవత్సరం ఆ జట్టుకు వచ్చినవి నాలుగు పాయింట్లు. 2002 జనవరిలో జట్టే మూతబడింది. పరీక్షా పరుగు తరువాత పోటీలో మాదిరిగా కారును తూకం వేసి, కొలిచి ఆమోదించే పద్ధతి లేదు కాబట్టి, కనీస బరువు కన్నా తేలికైన కారు కూడా ఆ పట్టికలోకి ఎక్కగలదు. లేని వేగాన్ని తెచ్చి పెట్టలేరన్న మాట నిజమే కానీ, నిబంధనలు అనుమతించని వేగాన్ని ఒక మధ్యాహ్నం పాటు తెచ్చి పెట్టవచ్చు.

రేవు ఇంజనీరు

నేను ఓడల నిర్మాణంలో పనిచేసి విరమించినవాడిని. మోటారు పోటీలను ఆసక్తితో చూస్తాను. మీ చర్చ చదువుతుంటే మా సముద్ర పరీక్షలు కళ్ళ ముందు మెదిలాయి కనుక ఆ కోణంలో నాలుగు మాటలు రాస్తాను.

సరుకు ఓడను యజమానికి అప్పగించే ముందు సముద్రంలోకి తీసుకువెళ్ళి వేగం కొలుస్తారు. అప్పటికి ఓడలో సరుకు ఉండదు. ఎక్కువగా బాలాస్ట్ నీటితోనే (ఓడ నిలకడ కోసం నింపే నీరు) నడుపుతారు. కాబట్టి ఆ రోజు నమోదైన వేగాన్ని ఎవరూ నేరుగా ఒప్పందంలోని వేగంతో పోల్చరు. ఒకే దారిలో వెళ్ళి తిరిగి వచ్చి ప్రవాహపు ప్రభావాన్ని తీసివేస్తారు, గాలికీ అలలకూ సవరణలు చేస్తారు, ఆ పైన నీటి తొట్టిలో నమూనా ఓడను లాగి సంపాదించిన లెక్కల సాయంతో నిండు బరువు వేగాన్ని అంచనా వేస్తారు. అలాంటి తొట్టి మన విశాఖలోనే, నౌకాదళ పరిశోధనా సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉంది. సముద్ర పరీక్షలో మేము నిజంగా వెతికేది వేగం ఎంత అన్నదానికన్నా, గ్రాఫులో నమూనా చెప్పిన గీతా, సముద్రం చెప్పిన గీతా కలుస్తున్నాయా అన్నది. కలిస్తే ఏ చిన్న లోపాన్నైనా సరిదిద్దవచ్చు. కలవకపోతే వేగం బాగున్నా మాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

రేసు కార్లకూ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. వారి విండ్ టన్నెల్‌లో నమూనా 60 శాతం పరిమాణానికి, గాలి వేగం సెకనుకు 50 మీటర్లకు మించకూడదని నిబంధన. అందువల్ల అసలు కారు రోడ్డు మీద ఎలా ప్రవర్తిస్తుందో తేల్చేది మొదటి పరుగులే. కారు ముందు చక్రాల వెనుక కంచెలాంటి లోహపు చట్రం బిగించి నడపడం మీరు చూసే ఉంటారు. దానిలోని గొట్టాలు గాలి ఒత్తిడిని కొలుస్తాయి. శరీరానికి పూసే మెరిసే ద్రవం గాలి ఎటు పారుతున్నదో గీతలుగా చూపిస్తుంది. మొదటి ఉదయం ఈ సామగ్రి కనిపించడం సహజం, మంచి క్రమశిక్షణకు గుర్తు కూడా. చివరి విడతలోనూ గంటల తరబడి అదే సామగ్రితో తిరుగుతూ, అసలు పరుగులు వాయిదా వేస్తున్న జట్టుకు గీతలు కలవడం లేదేమోనని నేను అనుమానిస్తాను.

2022లో మెర్సిడెస్‌కు సరిగ్గా ఇదే జరిగింది. నేలకు దగ్గరగా ఉండే కొత్త ఫ్లోర్ (కారు అడుగు భాగం) వల్ల కారు తిన్నని దారిలో పైకీ కిందికీ ఊగడం బార్సిలోనాలోనే అందరికీ కనిపించింది. వారి విండ్ టన్నెల్ దానిని ముందుగా చూపలేదు. అప్పటివరకు వరుసగా ఎనిమిదేళ్ళు జట్ల టైటిల్ గెలిచినవారు ఆ సంవత్సరం ఒకే ఒక్క పోటీ గెలిచారు. ఆ ఊగిసలాటను ఏ ఇంధనపు లెక్కా దాచలేకపోయింది.

ఏయూ మెకానికల్ విద్యార్థి

రేవు ఇంజనీరు గారూ, చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. నేను ఇంజను వైపు నుండి రాస్తాను, ఎందుకంటే 2026లో మారుతున్నది ప్రధానంగా అదే.

ఇంజను నిబంధనలు పూర్తిగా మారిన సంవత్సరాల్లో ల్యాప్ సమయం కన్నా ల్యాప్‌ల సంఖ్య ఎక్కువ నిజం చెప్పింది. 2014లో 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్ ఇంజన్లు వచ్చినప్పుడు, స్పెయిన్‌లోని హెరెజ్‌లో నాలుగు రోజుల్లో మెర్సిడెస్ 309 ల్యాప్‌లు నడిచింది. నాలుగేళ్ళుగా వరుసగా టైటిళ్ళు గెలుస్తున్న రెడ్‌బుల్, రెనో ఇంజనుతో 21 ల్యాప్‌లే నడవగలిగింది. ఆ సంవత్సరం 19 పోటీల్లో 16 మెర్సిడెస్ గెలిచింది. మరుసటి సంవత్సరం హోండా ఇంజనుతో మెక్‌లారెన్ అదే హెరెజ్‌లో 79 ల్యాప్‌లు నడిస్తే మెర్సిడెస్ 500 దాటింది. ఫిబ్రవరి 22న బార్సిలోనాలో అప్పటి మెక్‌లారెన్ డ్రైవరు అలోన్సో ప్రమాదానికి గురై తొలి పోటీకి దూరమయ్యాడు. మెల్‌బోర్న్‌లో అతని సహచరుడు బటన్ చివరివాడిగా ముగించాడు. మెక్‌లారెన్ ఆ సంవత్సరం తొమ్మిదవ స్థానంతో సరిపెట్టుకుంది.

ఇప్పుడు 2026కు వద్దాం. ఎగ్జాస్టు వేడి నుండి విద్యుత్తు తీసే మోటారును తొలగించారు. చక్రాలకు శక్తినిచ్చే విద్యుత్ మోటారు 120 కిలోవాట్ల నుండి 350 కిలోవాట్లకు పెరిగింది. అంటే మొత్తం శక్తిలో దాదాపు సగం బ్యాటరీ నుండి రావాలి. దీనివల్ల ల్యాప్‌లెక్క గారు చెప్పిన ఇంధనంతో పాటు దాచగలిగేది మరొకటి వచ్చింది. బ్యాటరీ నింపుకుని ఒక్క ల్యాప్‌లో ఖాళీ చేస్తే సమయం అద్భుతంగా ఉండవచ్చు. ప్రతి ల్యాప్‌లోనూ మళ్ళీ నింపుకోవలసిన సుదీర్ఘ పరుగులో అదే కారు తిన్నని దారి చివరికి రాకముందే శక్తి అయిపోయి నెమ్మదించవచ్చు. అందువల్ల ఈసారి నేను చూడబోయేది ఒక్కటే. పది, పన్నెండు ల్యాప్‌ల తరువాత కూడా ఆ కారు పొడవైన తిన్నని దారి చివర వేగాన్ని నిలుపుకుంటున్నదా, లేక డ్రైవరు బ్రేకుకు చాలా ముందే యాక్సిలరేటరు వదులుతున్నాడా?

బీచ్‌రోడ్డు అభిమాని

2015 గుర్తు చేసినందుకు మనసు చివుక్కుమన్నా, అడగవలసిన ప్రశ్న దొరికింది. అదే 2014లో 21 ల్యాప్‌లు నడిచిన రెడ్‌బుల్ సంవత్సరాంతానికి రెండవ స్థానంలో నిలిచింది. ఆ జట్టు డ్రైవరు రికియార్డో కెనడా, హంగరీ, బెల్జియం గెలిచాడు. మెల్‌బోర్న్‌లోనే రెండవవాడిగా ముగించి, ఇంధన ప్రవాహపు నిబంధన కారణంగా అనర్హుడయ్యాడు. కాబట్టి చెడ్డ పరీక్ష సంవత్సరమంతటికీ శాపం కాదు కదా?

మధురవాడ ల్యాప్‌లెక్క

కాదు. పరీక్ష చెప్పేది మొదటి నాలుగైదు పోటీల గురించే అని నేను అనుకుంటాను. మీ జట్టే దీనికి మంచి ఉదాహరణ. 2023 బహ్రెయిన్‌లో అలోన్సో సుదీర్ఘ పరుగులు చూసినవారికి ఆస్టన్ మార్టిన్ ముందుకు దూకిందని తెలిసింది. ఆ కారు తొలి పోటీలో మూడవ స్థానం, మొదటి ఎనిమిది పోటీల్లో ఆరు పోడియంలు (మొదటి మూడు స్థానాల్లో ఒకటి) తెచ్చింది. పరీక్ష చెప్పింది అక్షరాలా నిజమైంది. అయినా సంవత్సరాంతానికి జట్టు అయిదవ స్థానానికి జారింది. అదే సంవత్సరం మెక్‌లారెన్ కారును ఆవిష్కరించిన రోజునే లక్ష్యాలు అందుకోలేదని ఒప్పుకుంది, మొదటి రెండు పోటీల్లో ఒక్క పాయింటూ తేలేదు. జులైలో ఆస్ట్రియాకు తెచ్చిన మార్పులతో లేచి నాలుగవ స్థానంలో ముగిసింది. ఎదిగే శక్తి జట్టులో ఉంటుంది. ఫిబ్రవరిలో కనిపించే కారులో దానిని వెతకలేము.

2025 కూడా చెప్పాలి. బహ్రెయిన్ పట్టికలో అన్నిటికన్నా మంచి సమయం విలియమ్స్ నడిపిన సైంజ్‌ది, 1:29.348. కానీ రెండవ రోజు మెక్‌లారెన్ డ్రైవరు నారిస్ చేసిన సుదీర్ఘ పరుగును చూసినవారు మెక్‌లారెన్‌నే ఎంచుకున్నారు. నారిస్ మెల్‌బోర్న్‌లో గెలిచాడు, ఆ సంవత్సరం రెండు టైటిళ్ళూ మెక్‌లారెన్ ఇంటికే వెళ్ళాయి. అయితే సీతమ్మధార వారి మాటలోనూ నిజం ఉంది. 2024లో తొమ్మిదవదైన విలియమ్స్ 2025లో అయిదవ స్థానానికి ఎదిగింది. ఆ సమయం టైటిల్ గురించి అబద్ధం చెప్పినా, జట్టు మెరుగుపడిందన్న నిజాన్ని చెప్పింది.

గాజువాక మిత్రుడు

రెండు చిన్న ఉదాహరణలు చేరుస్తాను. 2015లో మన ఫోర్స్ ఇండియా కొత్త కారు సిద్ధం కాక, బార్సిలోనాలో జరిగిన మొదటి పరీక్షకు పాత కారుతోనే వెళ్ళింది. కొత్తది చివరి పరీక్షకు గానీ రాలేదు. ఆ సంవత్సరమే జట్టు అప్పటివరకు సాధించని అయిదవ స్థానం సాధించింది. 2019లో విలియమ్స్ కూడా పరీక్షలకు ఆలస్యంగానే వచ్చింది, వచ్చినది ఒకే ఒక్క పాయింటు. రావడం ఆలస్యమైన కారణమే ముఖ్యం తప్ప ఆలస్యం కాదు.

రెండవది విద్యుత్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఈ. 2022 డిసెంబరులో వాలెన్సియా పరీక్షల్లో గుంథర్ నడిపిన మసెరాటి అందరికన్నా ముందుంది. తరువాత మెక్సికోలోనూ, సౌదీలోని దిరియాలో రెండుసార్లూ గెలిచినవి పోర్షే మోటారు ఉన్న కార్లు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన పోటీలో వెర్న్ గెలిచాడు. వాలెన్సియా శాశ్వత సర్క్యూట్, పోటీలు ఎక్కువగా నగర వీధుల్లో. పరీక్ష జరిగిన చోటు పోటీ జరిగే చోటును పోలకపోతే ఇలాగే ఉంటుంది. బహ్రెయిన్‌కూ మెల్‌బోర్న్‌కూ కూడా పోలిక తక్కువే.

సీతమ్మధార వాసి

చివరి మాట ఒప్పుకుంటాను. టైర్లను కరకరా అరగదీసే బహ్రెయిన్ ట్రాక్ మీద వెనుక టైర్లను కాపాడే కారు మెరుస్తుంది. మెల్‌బోర్న్‌లో ఆ గుణానికి అంత బహుమానం దొరకదు. అయినా, మంచి సమయాన్ని మొదటే అనుమానించడం కన్నా అది ఏ టైరు మీద, ఏ వేళలో వచ్చిందో రాసుకుని దాచుకోవడం న్యాయమని నా అభిప్రాయం. బ్రాన్‌ను కొట్టిపారేసినవారు ఆ పని చేసి ఉంటే అంత ఆశ్చర్యపోయేవారు కారు.

బీచ్‌రోడ్డు అభిమాని

అందరికీ ధన్యవాదాలు. ఒక్క ప్రశ్న మిగిలింది. బార్సిలోనా పరీక్షలు మీడియాకు మూసివేసినవి. ఒక్కో జట్టు అయిదు రోజుల్లో మూడు రోజులు మాత్రమే నడపవచ్చు. మనకు చేరేది ల్యాప్‌ల సంఖ్య, అక్కడక్కడ బయటకు పొక్కిన సమయాలు మాత్రమే. వాటితో ఆస్టన్ మార్టిన్ గురించి ఏదైనా అనుకోవచ్చా, లేక ఫిబ్రవరి 11 వరకు ఆగాలా?

ఏయూ మెకానికల్ విద్యార్థి

పొక్కిన సమయాలను వదిలేయండి, ల్యాప్‌లను మాత్రం లెక్కపెట్టండి. కొత్త ఇంజను, కొత్త గేర్‌బాక్సు ఒకే కారులో ఉన్నప్పుడు నూనె ఎక్కడ కారుతుందో, ఏది వేడెక్కుతుందో తెలియాలంటే దూరం నడవడం తప్ప మార్గం లేదు. హోండా ఇంజను ఒక్క ఆస్టన్ మార్టిన్‌కే ఉంది. మెర్సిడెస్ ఇంజనును నాలుగు జట్లు వాడుతున్నాయి కాబట్టి, ఒక కారు ఆగిపోయినా మిగిలిన మూడింటి సమాచారం వారికి దొరుకుతుంది. హోండాకు ఆ సౌకర్యం లేదు. అందుకే గ్యారేజీలో గడిచే ప్రతి గంటా మీ జట్టుకు మిగిలినవారి కన్నా ఖరీదైనది.

రేవు ఇంజనీరు

విద్యార్థి చెప్పినది సబబుగా ఉంది. దానికి ఒకటి కలుపుతాను. కారు ఆగిపోయిందన్న వార్త రాగానే కంగారు పడకండి, తిరిగి ఎప్పుడు బయటకు వచ్చిందో చూడండి. ఒక భాగం పాడై గంటన్నరలో మార్చి పంపితే అది పరీక్ష చేయవలసిన పనే. మొదటి రోజు ఆగిన కారణంతోనే మూడవ రోజూ ఆగితే, అప్పటికి లోపం భాగంలో కాక రూపకల్పనలో ఉందని అనుకోవాలి. అలాంటిదాన్ని సరిచేయడానికి కర్మాగారానికి తిరిగి వెళ్ళాలి, బార్సిలోనాకూ బహ్రెయిన్‌కూ మధ్య ఉన్నది రెండు వారాలలోపే. బహ్రెయిన్ మొదటి ఉదయం గాలి కొలిచే చట్రాలతో బయలుదేరి, మధ్యాహ్నానికి వాటిని తీసివేసి, ఆ సాయంత్రమే పదిహేను ల్యాప్‌ల పరుగు మొదలుపెడితే, పట్టికలో ఆ కారు ఎనిమిదవ స్థానంలో ఉన్నా నేను మీ స్థానంలో ధైర్యంగా ఉంటాను.